గుప్పెడు బియ్యం డబ్బా

నేను ఒక పాత బిస్కెట్ డబ్బాని. మూతమీద గులాబీలుండేవి, తోమగా తోమగా ముళ్ళు మిగిలాయి. ఒక క్రిస్మస్‌కి సువార్తమ్మ ఇంటికి వచ్చాను. ఖాళీ అయ్యాక పారేస్తారనుకున్నాను. పారేస్తే హాయిగా ఉండేది. ఆవిడ నన్ను కడిగి, ఎండబెట్టి, దేవుడికిచ్చేసింది.

అంటే, ఎసరు పెట్టిన ప్రతిసారీ ఓ గుప్పెడు బియ్యం నాలో వేస్తుంది. ఆదివారం చర్చికి మోసుకెళ్తే పాస్టరుగారి భార్య కరుణమ్మగారు బుట్టలో ఒంపుకుని నన్ను తిరిగిచ్చేస్తారు. పేటలో ఆడవాళ్ళందరి డబ్బాలదీ ఇదే బతుకు. ఆ బియ్యమే పాస్టరుగారింటి తిండి. సన్నబియ్యం, లావుబియ్యం, రేషన్‌బియ్యం కలిసిపోయి వాళ్ళింట్లో అన్నం ఎప్పుడూ సగం మెత్తన, సగం పలుకు.

మనుషుల గుప్పిళ్ళ సంగతి నన్నడగండి. మొగుడితో పోట్లాడిన రోజు సువార్తమ్మ గుప్పిట ముడుచుకుపోతుంది. కూతురి కాన్పు కబురొచ్చిన రోజు పొంగి పొర్లింది. దేవుడు రెండూ తీసుకుంటాడు. మోసేది నేను.

ఈ వానాకాలం ఆవిడ భర్త ఏసోబు తాపీపని చేస్తూ పరంజా మీంచి పడి కాలు విరగ్గొట్టుకున్నాడు. గురువారానికి ఇంట్లో బియ్యం అయిపోయాయి. నాలో మాత్రం సగానికున్నాయి.

“ఆ డబ్బా దించవే. దేవుడేమన్నా పస్తున్నాడా?” అన్నాడు మంచంమీంచి.

“నోర్ముయ్యి. ఆయన సొమ్ములో చెయ్యి పెడతానా?”

“పోనీ పక్కింట్లో అడుగు.”

“నాకు సిగ్గులేదూ?”

మరమరాలతో, టీనీళ్ళతో నెట్టుకొచ్చారు. ఆదివారం సువార్తమ్మ కొంగు కప్పుకుని లేచి, దేవుని కృపవల్ల తమకి ఏ కొదువా లేదని సాక్ష్యం చెప్పింది. అందరూ ఆమెన్ అన్నారు. ఎప్పుడూ మెడదాకా నిండుండే నేను ఆ రోజు సగమే ఉన్నాను. ఎసరు పెట్టనింట్లో గుప్పెడు ఎక్కణ్ణించి వస్తుంది? ఆవిడ నోరు ఒక సాక్ష్యం చెప్పింది, నా కడుపు ఇంకోటి చెప్పింది. కరుణమ్మగారు నా సాక్ష్యం విన్నారు. నన్ను తిరిగివ్వలేదు.

మధ్యాహ్నం ఆవిడే నన్ను చంకన పెట్టుకుని వచ్చారు, మూత పట్టనంత బియ్యంతో. సువార్తమ్మ మొహం మాడిపోయింది.

“నేనేమన్నా అడుక్కునేదాన్నా అమ్మగారూ?”

కరుణమ్మగారు గడపమీద కూలబడ్డారు. “మరి నేనెవర్నే? కాపరానికొచ్చిన కాణ్ణించీ మీ గుప్పిళ్ళే తింటన్నా. నా బియ్యం అని ఒక్కపూటన్నా వండుకోలేదు. నేను పుచ్చుకుంటే కృప, నువ్వు పుచ్చుకుంటే సిగ్గా?”

సువార్తమ్మ లోపలికి వెళ్ళి పొయ్యి వెలిగించింది. నాలోంచి బియ్యమంతా గిన్నెలోకి ఒంపుకుంది. కడగబోతూ ఆగి, అలవాటుగా గుప్పెడు తీసి మళ్ళీ నాలోనే వేసింది.

ఏసోబుకి నవ్వాగలేదు. “వాళ్ళిచ్చింది మళ్ళీ వాళ్ళకేనా?”

“మరి నాదని ఏముందయ్యా, ఇవ్వడానికి?”

అన్నం సగం మెత్తన, సగం పలుకు. ఇద్దరూ వంక పెట్టకుండా తిన్నారు.

నేను అలసిపోయిన మాట నిజం. చిలుము పట్టిన నా అడుగున ఆ గుప్పెడులో సన్నం, లావు, రేషన్ అన్నీ ఉన్నాయి. ఏ గింజ ఎవరిదో నాకూ తెలీదు. మోస్తున్నాను.