సన్నటి గీత

ఆమె ఎరుపును ఇంకాస్త ముదురు చేసింది. స్క్రీన్ మీద ఊరంతా నలుపు, ఆ నలుపులో బస్సు రూట్లన్నీ గీతలు. టికెట్లు ఎక్కువ తెగిన రూటు లావుగా, తక్కువ తెగినది సన్నగా ఉంటుంది. మార్కెట్టుకు పోయే గీత తాడంత ఉంది. కొండ మీది ఆస్పత్రికి పోయేది వెంట్రుకంత. కళ్ళకు కొట్టొచ్చినట్టు కనపడాలని దానికే ఎరుపు వేసింది.

ఇరవై ఏళ్ళు పాసుల కౌంటర్లో ముద్రలు కొట్టి ఆమె కుడి బొటనవేలు వంకర తిరిగిపోయింది. కౌంటర్ మూసేశాక శిక్షణకు పంపారు. కోట్ల టికెట్ల లెక్కను బొమ్మగా మార్చాలి, ఆ బొమ్మ చేత కథ చెప్పించాలి. "అంకెలు ఎవరూ చదవరమ్మా. ఒక్క చూపులో అర్థమైపోవాలి," అనేవాడు ఆమె సెక్షన్ ఆఫీసరు. తల నెరిసిన మనిషి పలకా బలపం పట్టినంత భయంగా నేర్చుకుంది. సొంతంగా గీసిన మొదటి పటం ఇదే. కాకి పిల్ల కాకికి ముద్దు కదా, పొద్దుట్నుంచి చూసుకుని మురిసిపోతోంది.

ఆ ఎర్రగీత మీద కండక్టరు ఆమె మొగుడే. "నుంచోడానికి చోటుండదు, నలిగి చస్తున్నాను," అని రోజూ చొక్కా విప్పుతూ గొణుగుతాడు. ఆయన మాటల్లో సగం తీసేసి వినడం పెళ్ళైన కొత్తలోనే అలవాటైంది. పటం గీశాక మిగతా సగం కూడా తీసేసింది.

మీటింగులో పటం గోడంత వెలిగింది. పెద్దాఫీసరు ఎర్రగీత చూశాడు. "ఖాళీ బండిని కొండెక్కించి డీజిల్ తగలేస్తున్నామా? రేపట్నుంచి ఆపేయండి." ఒక్క చూపే చాలింది. అందరూ ఆమెకు చప్పట్లు కొట్టారు.

బయటికి రాగానే మొగుడికి ఫోన్ చేసింది.

"ఖాళీయా? ఏ గుడ్డివాడు చెప్పాడు?"

"నా పటం చెప్పింది. అసలు మీరు టికెట్లు కొడుతున్నారా?"

ఆయన గొంతు తగ్గించాడు. "ఆస్పత్రి ఊడ్చేవాళ్ళని టికెట్ అడగమంటావా? వాళ్ళకొచ్చేదెంత? కూర్చోండమ్మా అంటాను. ఇన్నేళ్ళూ అంతే."

ఆమెకు ఒళ్ళు మండిపోయింది. ఈయన జాలికి నిప్పెట్ట! వాళ్ళను పటంలో లేకుండా చేసింది ఆ జాలే. రోజూ చెవిలో పోరిన మనిషిని నమ్మక గీతను నమ్మిన తన మీద అంతకు రెండింతలు మంట.

విసురుగా సెక్షన్ ఆఫీసరు గదిలోకి వెళ్ళింది. "ఆ బండి నిండా జనమే సార్. టికెట్లు లేవంతే. ఆపొద్దని చెప్పండి."

"టికెట్ లేని మనిషి లెక్కలో లేనట్టేనమ్మా." అతను తలుపు మూశాడు. "ఎందుకు లేవని పైవాళ్ళు అడిగితే మీ ఆయన ఉద్యోగం ఊడుతుంది. చెప్పమంటారా?"

ఆమె గది బయటికి వచ్చేసింది. తన వేలితో తన కన్నే పొడుచుకుంది.

సాయంత్రం ఆఖరి ట్రిప్పుకు ఆమె కూడా ఎక్కింది. రాత్రి షిఫ్టు ఆడవాళ్ళు, ఫినాయిల్ వాసన, కాలు పెట్టే సందు లేదు. ఆ తొక్కిసలాటలో మొగుడు పళ్ళు బిగించి మిషన్ నొక్కుతున్నాడు. ఒక్కొక్కరికీ ఒక టికెట్. డబ్బు తన జేబులోదే. చేతులు కాలాక ఆకులు. చింపకుండా వదిలేసిన చీటీలు ఆయన మోకాళ్ళ దాకా వేలాడుతున్నాయి.

సీట్లోని ముసలామె పక్కకు జరిగింది. "ఇలా కూర్చో తల్లీ, అలిసిపోయినట్టున్నావు. రేపట్నుంచి మాకెలాగూ నడకే. బండి ఖాళీగా పోతోందని ఎవరో చెప్పారంట. వాళ్ళ నోట్లో మన్ను పడ!"

ఆమె కూర్చుంది. వంకర బొటనవేలిని కొంగులో దాచుకుంది.

ఆస్పత్రి దగ్గర అందరూ దిగారు. బండి ఇప్పుడు నిజంగానే ఖాళీ అయింది. మొగుడు వచ్చి చీటీల చుట్టను ఆమె ఒళ్ళో పడేశాడు. "ఇదిగో. గీసుకో."

డిపోలో ఆయన వెనక్కి చూడకుండా దిగిపోయాడు. "ఏవండీ, ఆగండి!" అంటూ ఆమె, ఒళ్ళోని చుట్ట జారి విడిపోతున్నా చూసుకోకుండా, వెంట పరుగెత్తింది. డ్రైవరు లైట్లు ఆర్పేసి వెళ్ళిపోయాడు. ముసలామె కూర్చున్న సీటు మీద నుంచి టికెట్లు ఒకదాని వెనక ఒకటి, ఒక్కటీ చిరగకుండా, మెట్ల దాకా పరుచుకుని ఉన్నాయి.