పోలీసు బట్టల దొంగ

మా తాత బాసర నుంచి జైనూర్ దాకా ఊరూరా డేరా వేసి, చేత్తో మిషను తిప్పి సినిమాలు ఆడించేవాడు. వాటిలో మిగిలింది ఒక్క రేకు డబ్బా. అందులో ఉన్నది వందేళ్ల నాటి ఇంగ్లండు మూగ సినిమా, దొంగ మీద తీసిన నవ్వుల బొమ్మ. మా అమ్మాయి నూరీన్ డబ్బా ఫొటో నెట్‌లో పెడితే, పాత సినిమాలు భద్రపరిచే ఒకామె లండన్ నుంచి ఫోన్ చేసింది. లోకంలో మరో కాపీ లేదట. ఆదివారం కరీంనగర్ వస్తానంది.

ఆ తాత కొడుకు, మా అబ్బా జియావుల్లాకు ఎనభై తొమ్మిదేళ్లు. ఏడాదిగా మంచం దిగలేదు. ఆ కబురు విని లేచి కూర్చున్నాడు.

"సచ్చేలోపట ఇంకోపారి జూస్త ముష్తాక్," అన్నాడు. నాకు అంతకన్నా ఏం కావాలి?

ఇప్పుడు నా తెలివి వినండి. నాది కళాయి పని. మసిబారిన ఇత్తడి గిన్నెలను సోడా నీళ్లలో నానబెట్టి, తోమి, తగరం పూత వేస్తాను. ముప్పై ఏళ్లుగా ఈ చేతులకు తెలిసింది ఒకటే, నల్లగా ఉంటే తోమాలి. డబ్బా తెరిస్తే రీలంతా బూజు, జిగట. ఇంటికొచ్చే మెహమాన్‌కు మురికి చూపిస్తామా? శనివారం పొద్దున రీలు విప్పి వేడి సోడా నీళ్లలో వేశాను. బొమ్మ లోపల ఉంటుంది, మురికి పైన ఉంటుంది అనుకున్నాను. తోమినకొద్దీ మెరిసింది. మురిసిపోయాను కూడా. ఎండకు పట్టి చూస్తే అవతలి గోడ కనిపించింది. ఇంకేమీ లేదు. బొమ్మంతా బకెట్ నీళ్లలో కలిసిపోయింది. మంచికి పోతే చెడు ఎదురవడమంటే ఇదే. నన్ను నేనే చెప్పుతో కొట్టుకోవాలనిపించింది.

ఆదివారం లండన్ ఆమె ఆ రీలును వేళ్ల మధ్య పట్టుకుని వెలుతురుకు పెట్టి చూసింది. తిట్టలేదు. తిడితే బాగుండేది. కనీసం కథైనా రాసుకుంటానని అబ్బా మంచం పక్కన కూర్చుంది. నూరీన్ మధ్యలో ఇంగ్లిషు చేసి చెబుతోంది. రీలు సంగతి అబ్బాకు చెప్పే ధైర్యం మాకెవరికీ లేకపోయింది.

"దొంగ పోలీసు బట్టలు తొడుక్కొని ఉరుకుతడు. ఊరోళ్లు అడ్డం వడి, సాబ్, జర దొంగను పట్టుండ్రి అంటరు. ఇగ వాడు ముంగట, ఊరంత ఎన్క!" అబ్బా పళ్లు లేని నోటితో నవ్వుతున్నాడు. అలా నవ్వగా చూసి ఎన్నాళ్లయిందో.

"చివరికి దొరికాడా అని అడుగుతోంది దాదా," అంది నూరీన్.

అబ్బా నోరు తెరిచి ఆగిపోయాడు. నుదురు రుద్దుకున్నాడు.

"యాదికొస్తలేదు," అని నా వైపు తిరిగాడు. "గింతదానికి ఫికర్ ఏంది? గా రీలు పెట్టు బేటా, జూసి జెప్త."