కొత్తకాయ తప్పు

మా మామ దూలయ్య నా కొడుకును కొట్టిన రోజే అనుకున్నాను, ఈ దెబ్బకు బదులు తీర్చుకోకుండా వదలనని. బలరాంకు నాలుగేళ్ళు. గాలికి రాలిన మామిడికాయ కనబడితే కొరికాడు. మా గూడెంలో మామిడి పండుగ చేసి అమ్మవారికి పెట్టనిదే కొత్తకాయ ఎవరూ నోట పెట్టరు. వాడికేం తెలుసు? మామ గూడేనికి పెద్ద. వాడి చెంప మీద ఒక్కటి వేశాడు. వేళ్ళ అచ్చులు సాయంత్రం దాకా పోలేదు. కోడలిని కదా, పళ్ళు నూరుకుంటూ వాడి చెంపకు చన్నీళ్ళు అద్దాను.

నా కూతురు దుర్గకు ఆరేళ్ళు. అది మాత్రం పోయి తాత ముందు నిలబడింది.

"తాతా, పెద్దోళ్ళు తిన్నా గిట్లనే కొడ్తరా?"

"ఎవరు తిన్నా తప్పు తప్పే బిడ్డా. అందరికీ ఒక్కటే," అన్నాడు మామ.

ఆ వారంలోనే మామ కళ్ళు చూపించుకోవడానికి భద్రాచలం పోతూ దుర్గను వెంట తీసుకుపోయాడు. తిరిగొచ్చాక అది నన్ను పెరట్లోకి లాక్కుపోయింది.

"అమ్మా, హోటల్ల మామిడికాయ పప్పేసిండ్రు. నేను ముట్టలె. తాత తిన్నడు. మంచిగుందని మళ్ళ ఏయించుకున్నడు."

నా ప్రాణం లేచొచ్చింది. ఇంట్లో చెబితే మామ నవ్వి కొట్టిపారేస్తాడు, నా మొగుడు నా నోరే మూయిస్తాడు. అందుకే, "ఇప్పుడెవరికీ చెప్పకు, పండుగనాడు అందరి ముందట చెప్పు," అన్నాను. అప్పటిదాకా మామకు అన్నం పెట్టినప్పుడల్లా లోలోపల నవ్వుకున్నాను.

పండుగనాడు గూడెమంతా అమ్మవారి గద్దె ముందు కూర్చుంది. మామ కాయలు కోసి, అమ్మవారికి పెట్టి, మొదటి ముక్క పంచబోయాడు. దుర్గ లేచింది.

"తాత ముందే తిన్నడు. భద్రాచలం హోటల్ల."

మామ మొహం మాడిపోయింది. "అది మన గూడెం కాయ కాదు గదా," అని నసిగాడు.

గూడెంలో అందరికన్నా వయసులో పెద్దది ముత్తక్క. "ఏ ఊరి కాయైతే ఏంది? తప్పు తప్పే దూలయ్యా. దండుగ కింద ఒక కోడి పెట్టు," అంది.

"పెడత," అన్నాడు మామ వెంటనే. అందరూ నవ్వారు. కోడికూర దొరుకుతుందంటే ఎవరికి చేదు? అత్త కొట్టిన కుండ అడుగోటి కుండ, కోడలు కొట్టిన కుండ కొత్త కుండ అన్నట్టే ఉంది న్యాయం. నాకు ఒళ్ళు మండిపోయింది.

దుర్గ మాత్రం కూర్చోలేదు. "తమ్ముడు కోడి పెట్టలె. దెబ్బ తిన్నడు. అందరికీ ఒక్కటే అన్నవ్ గదా తాతా. నీకూ దెబ్బే."

నవ్వులు ఆగిపోయాయి. పిల్లను కూర్చోబెట్టమని నా మొగుడు దూరం నుంచి కళ్ళెర్రజేశాడు. నేను చూడనట్టే ఉన్నాను.

"అన్నవా దూలయ్యా?" అని అడిగింది ముత్తక్క.

"అవ్, అన్న," అన్నాడు మామ. కండువా తీసి పక్కన పెట్టి, చెంప ముందుకు వంచాడు.

నేను లేచాను. బలరాంను చంకనెత్తుకుని మామ దగ్గరికి పోయాను. ఇన్నేళ్ళ కాపురంలో ఆయనకు ఎదురు నిలబడడం అదే మొదలు.

"కొట్టు బిడ్డా," అన్నాను.

వాడు తాత చెంపను కాసేపు చూశాడు. తర్వాత చెయ్యెత్తి, చప్పుడయ్యేటట్టు ఒక్కటి వేశాడు.

"ఇగ అయిపోయింది," అని దుర్గ కూర్చుని తన ముక్క కోసం చెయ్యి చాపింది. బలరాం నా చంక దిగి తాత ఒళ్ళోకి ఎక్కాడు. మామ వాడి నోట్లో కొత్తకాయ ముక్క పెట్టాడు. వాళ్ళ ముగ్గురికీ లెక్క సరిపోయింది. నాకు మాత్రం చెయ్యి ఇంకా దురద పెడుతూనే ఉంది.