గుంజకు ఆరేసిన నీలిగుడ్డ

నా ఒత్తులు తప్పితే మన్నించండి. అరవై దాటాక నేర్చుకున్న అక్షరాలివి. ఒక్కో మాటకీ ఆగి ఊపిరి తీసుకోవాలి.

అప్పుడు నాకు పద్దెనిమిది. నూలుకు రంగు వేసే షెడ్డులో పని. మా నూలు మగ్గాలకు, దిగువ రేవులో కడిగే ముల్లంగి పట్నానికి. రెంటికీ నీళ్లిచ్చేది ఒకటే కాలువ. పొద్దున తొమ్మిదింటి దాకా వంతు ముల్లంగిది, ఆ తర్వాత మాది. నీళ్లు మా తొట్లకు మళ్లించే షట్టరు కాయడానికి షెడ్డు పెట్టుకున్న లస్కరు గట్టు మీది గుంజకు తెల్లగుడ్డ కడితే నీళ్లు శుభ్రమని, నీలిగుడ్డ కడితే రంగునీళ్లు వస్తున్నాయని గుర్తు.

చేరిన మూడోరోజు మేస్త్రీ రంగు పరీక్షకు ముంచిన నీలిగుడ్డ నాకిచ్చి ఆరెయ్యమన్నాడు. ఆ గుర్తు సంగతి అప్పటికి తెలియక, ఎండ బాగుందని ఆ గుంజకే ఆరేశాను. దిగువవాళ్లు అది చూసి, సగం కడిగిన గంపల్ని గట్టెక్కించి కూర్చున్నారు. గట్టు తనిఖీకి వెళ్లిన లస్కరు తిరిగొచ్చి ఆ గుడ్డ తీసేసరికి తొమ్మిది. పదింటికి లారీ. మట్టి ముల్లంగిని పట్నంలో ఎవరూ ముట్టరు.

రేవు నుంచి ఒక పెద్దావిడ పరుగున వచ్చింది. "ఇంకెక్కడా చోటే దొరకలేదటే మహాతల్లీ? మా పొట్టల మీదే ఆరేశావు!"

మేస్త్రీ తొట్టిలో కర్ర ఆపకుండానే కసిరాడు. "నా నూలు ఇప్పుడు జాడించకపోతే కాకి నలుపవుతుంది. తిప్పవయ్యా షట్టరు!"

లస్కరు చక్రం పట్టుకుని వేలాడాడు. "బిగుసుకుపోయింది మేస్త్రీ గారూ. రానంటోంది."

"నిన్న వచ్చిందిగా?"

"నిన్న దాని మనసు బాగుంది."

మేస్త్రీ నావైపు తిరిగాడు. "నువ్వెళ్లి పట్టి చూడు. అబద్ధమని తేలిందా, ఇద్దరూ రేపటి నుంచి ఇంట్లో కూర్చోండి."

పట్టుకున్నాను. ఒక్క వేలికి తిరిగేంత నూనె ఉంది దానికి. దిగువన ఆడవాళ్లు మోకాలి లోతు నీళ్లలో గబగబా ముల్లంగి తోముతున్నారు. లస్కరు నా ముఖం చూడలేదు, కాలువనే చూస్తున్నాడు. నేను పళ్లు బిగించి మూలిగాను.

"రావట్లేదండీ."

పదింటికి గంపలన్నీ ఎక్కించుకుని లారీ కదిలింది. లస్కరు చెయ్యి వేయగానే చక్రం గిర్రున తిరిగింది. మేస్త్రీ మా ఇద్దరినీ మార్చిమార్చి చూసి, "దొంగల్లారా!" అన్నాడు. నల్లబడ్డ నూలు చూసుకుని రెండు రోజులు మాతో మాట్లాడలేదు. పనిలోంచి మాత్రం తీసెయ్యలేదు.

ఆ లస్కరునే చేసుకున్నాను. ముప్ఫై ఎనిమిదేళ్ల కాపురంలో ఎప్పుడడిగినా, "నిజంగానే బిగుసుకుందే," అనే వాదించాడు. ఇప్పుడు వాదించడానికి ఆయన లేడు. నాకు గెలిచినట్టూ లేదు.

ఇట్లు, నీలిచేతులత్త, డెబ్బై రెండేళ్లు. ఉండేది చిన్నకూతురి ఇంట్లో, మేడ మీది గదిలో.