ముందు వరస బెంచీ

ప్రతి సోమవారం పొద్దున్నే వడ్రంగి వచ్చి చర్చిలో ముందు వరస బెంచీని కోసి వెళ్ళేవాడు. ఆదివారం ఎవరైనా కొత్తవాళ్ళు చోటు లేక నిలబడితే ఆ బెంచీ వాళ్ళకి సరిపడా పెరిగేది. మామూలు మనిషికి రెండు జానలు, కాస్త లావుపాటి మనిషైతే మూడు. అందులో వింతేమీ లేదు. కుళాయి కారితే బాగుచేయించినట్టే, బెంచీ పెరిగితే కోయించడం కమిటీకి అలవాటైపోయింది. పెరిగిన చోట ఆ వచ్చినవాళ్ళని కూర్చోబెట్టొచ్చు కదా అన్న ఆలోచన ఆ మహానుభావుల బుర్రల్లోకి పొరపాటున కూడా రాలేదు. బెంచీ పెరిగితే దాని మీద కూర్చునే కమిటీ కార్యదర్శి గారి కుటుంబం అంతమేరా వెడల్పయ్యేది. ఆయన భార్య పక్కన హ్యాండ్‌బ్యాగ్ పెట్టేది, దాని పక్కన గొడుగు, గొడుగు పక్కన కళ్ళజోడు పెట్టె. ఆ చర్చిలో కళ్ళజోడు పెట్టెకి కూడా సొంత సీటుండేది.

కార్యదర్శి గారికి భక్తి ఎక్కువ. దేవుడికి సలహాలిచ్చేంత ఎక్కువ. "ప్రభువా, నీకు తెలియనిది కాదు" అని ప్రార్థన మొదలుపెట్టి, అరగంటసేపు అన్నీ తెలియజేసేవాడు. సభ్యత్వ నియమం కూడా ఆయన పెట్టిందే. ఒక ప్రసంగమంతా కూర్చుని విన్నవాళ్ళే సభ్యులు. నిలబడి వింటే విన్నట్టు కాదు. ఇక కూర్చుందామంటే, మిగతా బెంచీలన్నీ కుటుంబాల పేర్లతో ఎప్పుడో నిండిపోయాయి.

అలాంటి చోటికి ఒకావిడ రావడం మొదలుపెట్టింది. ఆసుపత్రి శవాల గదిలో ఒళ్ళు కడిగే పని ఆవిడది. ఆ పని పేరు వినగానే ఎవరూ ఇల్లు అద్దెకివ్వలేదు. శవాల గది వరండాలోనే చాప వేసుకునేది. తాగొచ్చే కాపలావాడి భయానికి కంటినిండా నిద్రపోయి ఏళ్ళయింది. ఇప్పుడు ఆ వరండాకి కూడా గ్రిల్ పెట్టి తాళం వేస్తారట, వచ్చే నెలాఖరులోగా ఖాళీ చేయమన్నారు. చర్చి పక్క తలుపుకి ఎదురుగా, నడవ దాటగానే ఒక గది ఉంది. పాడైపోయిన ఫ్యాన్లు రెండు తప్ప అందులో ఎవరూ లేరు. కానీ దాన్ని సభ్యులకే ఇస్తారు.

"ఏమ్మా, ప్రభువు కోసం వస్తున్నావా, గది కోసమా?" అని అడిగాడు కార్యదర్శి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని.

"ప్రభువు కోసమే వచ్చానండీ. పని చేసేటప్పుడు ఆయన పాటలే పాడుకుంటుంటా. అక్కడ తోడు పాడేవాళ్ళు లేరు కదా. గది ఉందని వచ్చాకే తెలిసింది. అదీ కావాలండీ, అబద్ధమెందుకు?"

"అయితే కూర్చుని వినాలి మరి."

"కూర్చుంటానండీ. కాస్త జరగండి."

"మేం కుటుంబంతో ఉన్నాం కదమ్మా," అన్నాడాయన కళ్ళజోడు పెట్టె వైపు చూస్తూ.

జరగడం అనేది ఆ చర్చిలో ఎప్పుడూ జరగలేదు. ఆరు ఆదివారాలు ఆవిడ గోడకి ఆనుకుని నిలబడింది. కార్యదర్శి తండ్రి పోయినప్పుడు ఒళ్ళు కడిగి, తల దువ్వి పంపింది ఆవిడే. ఆ సంగతి ఆయనకి తెలుసు. తెలిసినా చీమ కుట్టినట్టయినా లేదు.

ఏడో ఆదివారం, నెలలో అదే ఆఖరిది. పరదేశుల్ని ఆదరించడమే ఆ రోజు వాక్యమని పాస్టరు గారు చెప్పారు. మంచివాడే పాపం, కాకపోతే కమిటీ దగ్గితే ఉలిక్కిపడే రకం మంచితనం. వాక్యం వినగానే అందరూ తలలూపారు. ఎదురుగా ఆవిడ నిలబడే ఉంది.

బెంచీ పెరగసాగింది. కార్యదర్శి భార్య హ్యాండ్‌బ్యాగ్ జరిపింది. బెంచీ ఇంకా పెరిగింది. గొడుగుని బారుగా పడుకోబెట్టింది. అప్పటికీ ఆగకపోయేసరికి, సామాన్లు చాలక, కాళ్ళకున్న చెప్పులు తీసి పక్కన పెట్టింది. బెంచీ ఈసారి నడిమధ్యలోంచి సాగుతోంది. చివర కూర్చున్న కార్యదర్శి మెల్లగా పక్క తలుపు వైపు వెళ్ళిపోతున్నాడు. లేచి నిలబడితే సరిపోయేది. కానీ తను లేస్తే ఆవిడ కూర్చుంటుందని భయం. చేతులు కట్టుకుని, నిమ్మకు నీరెత్తినట్టు, కూర్చున్నవాడు కూర్చున్నట్టే తలుపు దాటి బయటికి పోయాడు.

"ఏమండీ, లేవకండి!" అని అరిచింది భార్య.

"నేనెందుకు లేస్తానే!" అని నడవలోంచి వినిపించింది.

ఆ తర్వాత ఠప్‌మని చప్పుడు. ఆయన భుజమే తగిలి గది తాళం ఊడిపోయింది, తలుపు బార్లా తెరుచుకుంది. బెంచీ గుమ్మం దగ్గర ఆగింది.

పాస్టరు గారు ఖాళీగా ఉన్న బెంచీ నడిమి భాగం వైపు చూశారు. కమిటీ మొత్తం దగ్గింది. ఆయన ఆ దగ్గు విననట్టే, "అమ్మా, కూర్చో. నువ్వు కూర్చున్నాకే మొదలుపెడతాను," అన్నారు. ఆ పాటి ధైర్యం చేయడానికి ఆ చర్చిలో ఆయనకి పంతొమ్మిదేళ్ళు పట్టింది.

ఆవిడ కూర్చుంది. ఆఖరి పాట దాకా విని, గొంతెత్తి పాడింది కూడా. పాస్టరు గారు అక్కడికక్కడే ఆవిడ పేరు సభ్యుల పుస్తకంలో రాసి సంతకం పెట్టారు. ఆవిడ ఆసుపత్రికి వెళ్ళి తన మూట తెచ్చుకుంది. గుమ్మం దగ్గర ఇంకా బిగుసుకుని కూర్చునే ఉన్న కార్యదర్శిని దాటి లోపలికెళ్ళి, ఫ్యాన్లు మూలకి నెట్టి, చాప పరిచి, తలుపు వేసుకుంది.

అప్పుడు లేచాడు ఆ పెద్దమనిషి. "ఏయ్, తలుపు తియ్యి! ఇంకా కమిటీ తీర్మానం కాలేదు!"

"అయ్యాక చెప్పండి బాబూ, నిద్రొస్తోంది," అని వినిపించింది. వెంటనే లోపలి గడియ పడింది.

ఆయన తలుపు దబదబా బాదాడు. నియమాలన్నీ వరసపెట్టి అరిచాడు. లోపల ఆవిడ గుర్రుపెట్టి నిద్రపోతోంది.