పంచదార పొట్లాలు

"చెరకు పూసిందే చిన్నారీ, చెలమలో చుక్క పడిందే..." తినాయ్‌కి ఆ పాట అక్కడిదాకే వచ్చు. తరవాతి ముక్క ఆమె అక్క సలూద్‌కే తెలుసు. సలూద్ మనీలా వెళ్ళి ఒకే ఒక్క సినిమాలో వేషం వేసి, యుద్ధంలో జబ్బుచేసి అక్కడే పోయింది.

ఆ బొమ్మ ఏటా ఆత్మల పండగ వారంలో మా సిలాయ్ ఊరి హాల్లో ఆడేది. గుమ్మం దగ్గర తినాయ్ ఉడకేసిన వేరుశనక్కాయలూ, ఉప్పు పొట్లాలూ అమ్మేది. ఉప్పు తినడానికి కాదు. బొమ్మలో సలూద్ దయ్యం. నడుము దగ్గర విడిపోయి, పై సగం రెక్కలేసుకుని ఎగిరిపోతుంది. కింది సగం అరటితోపులో నిలబడి ఎదురుచూస్తుంది. దానిమీద ఉప్పు పడితే ఇక అతుక్కోదు, తెల్లారి ఎండకి మాడిపోతుంది. అందుకని జనం తెరమీదికి ఉప్పు విసిరేవారు. అది వెళ్ళి అరటితోపులో పడేది. ప్రతి ఆటకీ సలూద్ మాడిపోయేది. పిల్లలు వేళ్ళ సందుల్లోంచి చూసి, ఏడ్చి, మర్నాడు మళ్ళీ వచ్చేవారు.

"మీ అక్క నిన్న నా నెత్తిమీంచే పోయిందే. జుట్టు పీకేస్తుందనుకున్నా," అనేవాడు టిక్కెట్లు చింపే కీరో మామ.

"ఉంటే కదా మామా, పీకడానికి," అనేది తినాయ్.

ఒక ఏడాది మాత్రం ఆయన నవ్వలేదు. "రీలు పొడైపోతోందమ్మా. ఇవాళ మాట్నీయే ఆఖరు."

ఇవాళ మాడిపోతే అక్క మరి లేవదు. తినాయ్ ఇంటికెళ్ళి, పొట్లాలన్నీ విప్పి, ఉప్పు తీసేసి పంచదార కట్టుకొచ్చింది. ఎవరికీ చెప్పలేదు.

జనం విసిరారు. సలూద్ వచ్చి వాలింది. పెదవిమీద పడ్డది నాలుకతో రుచి చూసుకుంది. నడుము అతికించుకుంది. ఎండొచ్చింది, ఏమీ కాలేదు. పావడా దులుపుకుని, తెర దిగి, బెంచీల మధ్యనుంచి నడిచి వచ్చింది.

"ఉప్పులో కూడా కల్తీయే," అని గొణుక్కుంది వెనక బెంచీ ముసలావిడ.

"నిలబడి నిలబడి కాళ్ళు పీకుతున్నాయే. పద," అంది సలూద్. దారిలో పాటలో మిగతా ముక్క పాడింది.

ఇద్దరూ కలిసి కాయలమ్ముకుంటూ ముసలివాళ్ళయ్యారు. ఆ ఇంట్లో మళ్ళీ ఉప్పు అడుగుపెట్టలేదు. మొన్న వానల్లో సలూద్ మంచం పట్టింది. గంజి తెచ్చిన చెల్లెలి చెయ్యి పట్టుకుంది.

"నా మూలంగా ఇన్నేళ్ళూ చప్పిడి తిన్నావు. ఇవాళ కాస్త ఉప్పు వెయ్యవే, ఇద్దరికీ."