చెవిలో చెప్పే చోటు

మా కొండ ఊరు వల్దోర్సాలో మగవాడు బ్యాంకులో ఎంతుందో చెబుతాడు, వయసులో ఎవరితో తిరిగాడో చెబుతాడు, పుట్టగొడుగులు ఎక్కడ దొరుకుతాయో మాత్రం చెప్పడు. వానలు పడ్డ వారానికి తెల్లారకముందే బయల్దేరతాం. ఉత్తరాన పని ఉంటే బండి దక్షిణాన ఆపుతాం. పోర్చీని పుట్టగొడుగు కోసిన గుంటలో ఆకులు కప్పి, అక్కడికి ఎవరూ రానట్టే వచ్చేస్తాం. దారిలో ఎవరైనా ఎదురైతే "ఈ ఏడు ఏమీ లేవు" అని ఏడుపు ముఖం పెడతాం. బుట్ట మోయలేక భుజం వంగిపోతున్నా సరే.

మా నాన్న తన చోటును ఆస్పత్రి మంచం మీద, మా అమ్మను బయటికి పంపించి, నా చెవిలో చెప్పి పోయాడు. పై వాలులో, బీచ్ అనే అడవి చెట్లు మూడు ఒకే మొదలు నుంచి లేచినచోట. ఆయన ఆఖరి మాట అదే. ప్రేమగా ఇంకేమైనా అంటాడేమోనని చెవి అక్కడే పెట్టి ఉంచాను. ఏమీ అనలేదు.

నాకు ఒక్కతే కూతురు, నివెస్. దానికి నేను చెప్పలేదు. చెప్పడానికి ఇంకా టైముంది అనుకున్నాను. పైగా అది పరుగెత్తే మనిషి. ఈ పరుగువాళ్లందరి చేతికీ గడియారాలుంటాయి. అడుగడుగునూ గీత గీసి ఫోన్లలో లోకమంతటికీ చూపిస్తాయి. దానికి చెప్పడమంటే చర్చి గంట కొట్టి ఊరందరికీ చెప్పడమేనని నా లెక్క.

ఏటా సెప్టెంబరు చివరి ఆదివారం మా కొండల్లో ముప్పై కిలోమీటర్ల పరుగు పెడతారు. మొదట వచ్చిన ఆడమనిషిని ప్రాంతం జట్టులోకి తీసుకుంటారు. నివెస్ పోయినేడు పంతొమ్మిది సెకన్ల తేడాతో రెండోది వచ్చింది. వచ్చే ఏటికి వయసు దాటిపోతుంది, ఇక తీసుకోరు. ఇదే ఆఖరి అవకాశం. పొద్దున బేకరీలో పిండి పిసికి, మధ్యాహ్నం అందరూ కునుకు తీసే వేళ ఇది కొండెక్కేది. రెండేళ్లుగా ఒక్కరోజు మానలేదు.

పరుగు జరిపించే ఇవానోకు మా కూడలిలో బార్ ఉంది. వాడి నోట్లో నువ్వుగింజ నానదు.

"ఒరేయ్ అదెల్మో, ఈసారి దారి మార్చాం. బొగ్గులవాళ్ల బాట ఆగస్టు వానకి కొట్టుకుపోయింది. పైన బీచ్ చెట్ల వాలు మీదుగా తిప్పుతున్నాం" అన్నాడు.

అది నా చోటున్న వాలే. కాఫీ కప్పు కింద పెట్టేశాను.

"కొట్టుకుపోయిందా? మా తాత నలభై ఏళ్లు గాడిదల మీద బొగ్గు దింపిన బాటరా అది. నీ బార్ కూలుతుందేమో గానీ అది కూలదు."

"అయితే వెళ్లి చూసిరా."

"చీమ కుడితే పాము కరిచిందనే రకం నువ్వు. నీ మాట పట్టుకుని నేను కొండెక్కాలా?"

వెళ్లలేదు. అరగంట దూరం. ఆ అరగంట నడిచి ఉంటే ఈ కథే లేదు.

ఇవానో ఫోన్ తీసి నా ముక్కు దగ్గర పెట్టాడు. "ఇదిగో, మీ నివెస్ రోజూ పరుగెత్తిన గీత. ఇక్కడ తెగిపోతుంది, అదిగో అక్కడ మళ్లీ మొదలవుతుంది. రోజూ ఇదే తంతు. మధ్యలో మీ అమ్మాయి ఎగురుతుందా ఏంట్రా?"

బార్‌లో అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. కళ్లద్దాలు ఇంట్లో ఉండిపోయాయి. ఎక్కడ తెగిందో చూడలేదు.

ఆ వారమంతా నాకు నిద్ర లేదు. రెండు వందల మంది బూట్లేసుకుని నా చోటు తొక్కుతారు. తొక్కితే తొక్కారు, రెండు వందల గడియారాలు దాని మీదుగా గీత గీస్తాయి. మర్నాటినుంచి నగరం వాళ్లు ప్లాస్టిక్ సంచులతో దిగుతారు.

ఆదివారం తెల్లవారుజామున బుట్ట చేతపట్టుకుని బయల్దేరాను. బుట్టతో వెళ్లేవాణ్ని మా ఊళ్లో ఎవరూ ఎక్కడికని అడగరు. దారులు చీలేచోట పై వాలుకు కట్టిన ఎర్ర రిబ్బన్లన్నీ విప్పాను. బొగ్గులవాళ్ల బాట వైపు కొమ్మలకు ఒక్కొక్కటే కట్టాను. "దారి మూసివేయబడింది" అని ఒక చెక్క పాతి ఉంటే పీకి పొదల్లోకి విసిరేశాను. రెండు దారులూ కింద పాత మిల్లు దగ్గరే కలుస్తాయి. బొగ్గులవాళ్ల బాట నాలుగు నిమిషాలు చుట్టు, అంతే.

నివెస్ గురించి ఆలోచించలేదా అంటే ఆలోచించాను. అదే పెద్ద సిగ్గుచేటు. దానికి దారి తెలుసు, రిబ్బన్లు చూడదు, పైనుంచే పోతుంది, మిగతావాళ్లు చుట్టు తిరిగేసరికి ఇది గెలుస్తుంది అనుకున్నాను. నా చోటూ దక్కుతుంది, దానికి గెలుపూ దక్కుతుంది. కొండ దిగుతూ ఈల కూడా వేశాను.

పదకొండు గంటలకు కూడల్లో నిలబడ్డాను. మొదటి మగవాడు రావలసిన టైము దాటింది. ఆడవాళ్ల టైమూ దాటింది. ఇవానో రేడియో చెవికి ఆనించుకుని అటూ ఇటూ తిరుగుతున్నాడు.

"ఏమైందిరా?" అన్నాను.

"ఎవడో దరిద్రుడు రిబ్బన్లు మార్చాడు. ముందున్న నలుగురూ బొగ్గులవాళ్ల బాటలో దిగారు. బాట మధ్యలో కొండచరియ, అక్కడ నేలే లేదు. ఒకడు పడ్డాడు, భుజం ఎముక విరిగింది. ఇంకా నయం, చెట్టు అడ్డుండి ఆగాడు."

"మరి నివెస్?"

"అదేగా వాళ్లను పైకి లాగింది! ఇప్పుడు చీలిక దగ్గర నిలబడి అందరికీ దారి చూపిస్తోందట. మావాళ్లెవరైనా పైకి చేరేదాకా కదలనంటోంది. ఆడవాళ్లలో మొదట ఉందిరా అది. ఆరు నిమిషాల ముందుంది!"

ఆరు నిమిషాలు. నేను నాలుగు నిమిషాల సాయం చేద్దామనుకున్నాను.

అందరికంటే వెనక బయల్దేరి, చాలామందిని దాటుకుంటూ నివెస్ నూట నలభయ్యో మనిషిగా వచ్చింది. మోకాళ్ల నుంచి నెత్తురు, చేతుల నిండా మట్టి. జనం చప్పట్లు కొట్టారు. ఇవానో కౌగిలించుకుని చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. గెలుపు మాత్రం బొలోన్యా నగరం నుంచి వచ్చిన ఒకామెకు వెళ్లింది. ఆమె తప్పేం లేదు, నివెస్ చెయ్యి చూపించిన దారినే ఆమె వచ్చింది. రిబ్బన్లు మార్చింది పక్క ఊరివాళ్లేనని సాయంత్రానికి ఊరంతా తేల్చేసింది. నేనూ తలూపాను.

ఇంటికొచ్చాక నివెస్ వంటింటి బల్ల మీద ఒక రిబ్బను పెట్టింది. విప్పలేదు, కొమ్మతో సహా విరిచి తెచ్చింది. రెండు చుట్లు, కొస లోపలికి దోపి. టమాటా మొక్కలకు కర్రలు కట్టే ముడి. ఊళ్లో ఇంకెవరూ అలా కట్టరు. దానికి ఆరేళ్లప్పుడు నేనే నేర్పాను.

"నీకు దారి తెలుసు కదా, పోతావనుకున్నానమ్మా" అన్నాను.

"నాకు తెలుసు. ముందు వెళ్లినవాళ్లకి తెలుసా? ఆ బాట విరిగిపోయిందని ఊళ్లో కుక్కలకి కూడా తెలుసు నాన్నా. నీకు తప్ప."

"చూడలేదే..."

"ఎలా చూస్తావ్? అక్కడ పుట్టగొడుగులు లేవుగా." గిన్నెలో నీళ్లు పోసుకుని మోకాలు కడుక్కోసాగింది. "చెట్టు లేకపోతే ఆ మనిషి చచ్చిపోయేవాడు. నిన్ను తీసుకెళ్లి లోపలేసేవాళ్లు. చీలిక దగ్గర నిలబడ్డంతసేపూ అదే అనుకున్నాను. ఇంకొకడు పడితే మా నాన్న అయిపోయాడు అని."

తువ్వాలు తీసి దాని ముందు పెట్టాను.

"ఆ మూడు బీచ్ చెట్ల చోటు నాకు పదేళ్ల వయసు నుంచీ తెలుసు. చెప్పులు చేత్తో పట్టుకుని నీ వెనకాలే వచ్చాను. నువ్వు పాట పాడుకుంటూ కోస్తున్నావ్. అంత సంతోషంగా నిన్ను ఇంట్లో ఎప్పుడూ చూడలేదు. అమ్మకి కూడా చెప్పలేదు నేను."

"నివెస్..."

"రెండేళ్ల నుంచీ రోజూ ఆ వాలు మీదే పరుగెత్తాను. అక్కడికి రాగానే గడియారం ఆపేసేదాన్ని. దాటాక మళ్లీ నొక్కేదాన్ని. నీ చోటు ఎవడికీ కనపడకూడదని. ఇవానో అందరి ముందూ వెక్కిరించినా నోరు మూసుకున్నాను." నెత్తుటి నీళ్లు తొట్లో పారబోసింది. "దారి మార్చారని తెలియగానే, పందెంలో అందరిచేతా ఆ ముక్క దగ్గర గడియారాలు ఆపించమని ఇవానోని అడుగుదామనుకున్నా. నువ్వు నోరు తెరిచి నాతో ఒక్క మాట చెబుతావేమోనని చూశాను. వారమంతా చూశాను."

కొమ్మను బల్ల మీద నుంచి తీసి పొయ్యిలో పడేసింది. రిబ్బను కాసేపు కమురు కంపు కొట్టింది.

"ఇవాళ నూట తొంభై మందిని నా చేత్తో నేనే ఆ చోటు మీదుగా పంపించాను" అంది. గుమ్మం దగ్గర ఆగి, నా వైపు తిరక్కుండానే ఇంకో మాట అంది. "పోయేటప్పుడు నన్ను పిలిచి చెవిలో ఏమీ చెప్పక్కర్లేదు నాన్నా. నేను రాను."